తోడుంటానన్న మాట

మోండా మార్కెట్లో జేబుదొంగల భయానికి హ్యాండ్‌బ్యాగు చంకలో ఇరికించుకుని నడవడం నాకు అలవాటు. ఆ రోజు ఎడమవైపు ఏదో గట్టిగా ఒత్తుకుంది. తాళంచెవుల గుత్తేమో అనుకుని బ్యాగు కుడిచంకలోకి మార్చాను. ఆ గట్టిదనం మాత్రం ఎడమవైపే ఉండిపోయింది. కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చాను. నేను ఎవరితోనూ బేరమాడకుండా తిరిగొచ్చిన రోజు అదొక్కటేనని మా ఆయన ఇప్పటికీ అంటారు.

మామోగ్రామ్ అయింది, బయాప్సీ అయింది. రిపోర్టు చూసి డాక్టరమ్మ, "స్టేజ్ టూ. ట్రీటబుల్. ముందు కీమో, తర్వాత సర్జరీ" అన్నారు.

"అసలు నాకెందుకొచ్చింది?" అని వాదన మొదలుపెట్టాను.

"ఎందుకో నాకు తెలీదమ్మా. ఏం చెయ్యాలో తెలుసు" అన్నారామె. నా నోటికి అడ్డుకట్ట వేసిన మొదటి మనిషి.

కొత్త సంవత్సరం ఆరాధనలో మా చర్చిలో ఒక్కొక్కరం ఒక వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాటగా దాన్ని ఇంట్లో పెట్టుకుంటాం. నా కార్డులో బాగుచేస్తానని లేదు. తోడుంటానని మాత్రమే ఉంది. నా జబ్బు సంగతి తెలిసి మా ప్రార్థన గుంపులోని సుగుణక్క పరుగెత్తుకొచ్చింది.

"నాకు స్వస్థత వాగ్దానం వచ్చింది. నాది నువ్వు తీస్కో, నీది నాకియ్యి" అంది.

"అవేమన్నా బస్సు సీట్లా అక్కా, మార్చుకోడానికి?"

"నీకు విశ్వాసం తక్కువ!"

"ఉన్నంతలో నాకొచ్చిన కార్డునే నమ్ముకుంటాలే."

అలా అనేశాను గానీ, ఆమె వెళ్ళాక ఆ కార్డు తీసి మళ్ళీ చదివాను. బాగుచేస్తానని ఎందుకు రాలేదు? అంటే బాగుకానా?

రెండో కీమో తర్వాత చలిజ్వరం పట్టుకుంది. "తెల్లకణాల కౌంట్స్ బాగా పడిపోయాయి, అడ్మిట్ చెయ్యాలి" అన్నారు. ఇన్ఫెక్షన్ సోకకుండా వేరే గదిలో ఒక్కదాన్నే పెట్టారు. మాస్కులు వేసుకుని వచ్చేవాళ్ళు, సెలైన్ మార్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఎవరి ముఖమూ సరిగా కనబడలేదు. "తోడుంటానన్నావు కదా, ఎక్కడున్నావు?" అని దేవుణ్ణి బయటికే అడిగాను. జవాబు రాలేదు. ఇది దాచి, ఆ గదిలో నాకు గొప్ప శాంతి దొరికిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఇంటికొచ్చాక నిర్ణయించుకున్నాను, ఇక కీమోకి పోనని. చావంటే కాదు నా భయం, మళ్ళీ ఆ గదంటే. మా ఆయన చెప్పి చూశారు, బతిమాలారు. సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి. మర్నాడే కీమో అనగా, మొహం వేలాడేసుకుని లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌కి డ్యూటీకి పోయారు.

అప్పుడే పక్కింటి నసీమా గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికొచ్చింది.

"అక్కా, జెర తోడు ఉంటే ఇస్తవా? పోరగాండ్లు పెరుగంత ఊడ్చేసిండ్రు."

పాలు తోడుపెట్టుకోడానికి అడుగుతోంది పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "తోడా? నాకే లేదు. దేవుడిస్తానన్నాడు, ఇంకా పంపలేదు" అన్నాను.

ఆమె గిన్నె కిందపెట్టింది. "ఏందక్కా, గిట్ల మాట్లాడ్తున్నవ్?"

అంతా చెప్పేశాను. కార్డు సంగతీ, గది సంగతీ, రేపు పోనన్న సంగతీ.

"భయమైతున్నదా?"

"భయం లేదు, ఏం లేదు."

"ఝూట్. నీ గొంతు గింత మెల్లగ ఎన్నడన్న వచ్చిందా? రోజు మా ఇంట్లకెల్లి సుత వినవడ్తది." నా పక్కన చతికిలబడి అంది, "రేపు నేనొస్త నీతోని. మీ ప్రార్థనలు గిట్ల నాకు రావు. కూసుంట, అంతే."

"కూర్చుంటే చాలు."

"కానీ నన్ను మీ దేవుడు పంపిండని చర్చిల చెప్పకు. మా అత్తకు తెలిస్తే లొల్లి."

చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఫ్రిజ్‌లోంచి తోడు తీసి ఆమె గిన్నెలో వేశాను.

మర్నాడు ఆటోలో పోయాం. డాక్టరమ్మ బ్లడ్ రిపోర్టు చూసి, "కౌంట్స్ లేచాయి. ఈసారి కౌంట్స్ పడకుండా ఇంజెక్షన్ ఇస్తాం. భయపడండి, ఫర్వాలేదు. రావడం మాత్రం మానొద్దు" అన్నారు. మందు ఎక్కుతున్నంతసేపూ నసీమా కుర్చీలోంచి కదల్లేదు. మాట్లాడలేదు కూడా. మధ్యలో కునుకు తీసింది. ఆ గురక వింటూ పడుకున్నాను. నాకిచ్చిన మాటలో ఏ లోటూ లేదని అప్పుడు అర్థమైంది. జబ్బు తీసేస్తానని ఆయన అనలేదు, ఆయనచేత నేనే అనిపించాలని చూశాను. తోడుంటానన్నాడు. ఎలా ఉంటాడో, ఎవర్ని పట్టుకుని ఉంటాడో చెప్పలేదు. అది నన్నడిగి చెయ్యాలా? చర్చిలో మాత్రం ఈ సంగతి చెప్పనేలేదు. మాటంటే మాటే.

కీమోలన్నీ అయ్యాయి, సర్జరీ అయింది. రేడియేషన్ కూడా అయింది. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను, జుట్టు పొట్టిగా ఉంగరాలు తిరిగి వచ్చింది. ఫాలో-అప్ దగ్గర పడితే ఇప్పటికీ నిద్ర పట్టదు. భయం పోయేదాకా ఆగి నమ్ముదామంటే కుదరదు, భయంతోనే నమ్ముతున్నాను, ఆ భయంతోనే ఆటో ఎక్కుతున్నాను.

ఇది చదివే పేషెంట్లకు ఒక్క మాట. ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళకండి. దేవుడే ఎవర్నో పంపుతాడులే అని నోరు మూసుకుని కూర్చోకండి. పక్కింటి తలుపు కొట్టి, "రేపు నాతో వస్తావా?" అని అడగండి. మాట్లాడని మనిషైతే మరీ మంచిది.