స్తోత్రం రాని సాక్ష్యం

నా చిన్నప్పుడు మా సంఘంలో ప్రసంగం కన్నా సాక్ష్యాలు వినడానికే జనం తొందరగా వచ్చేవారు. దేవరుప్పుల దగ్గరి మా ఊళ్ళో ప్రార్థన మందిరం అంటే మట్టిగోడలు, పైన రేకులు, ఆడవాళ్ళకు ఒక పక్క, మగవాళ్ళకు ఒక పక్క చాపలు. పాటలు అయిపోగానే అయ్యగారు, అంటే మా పాస్టరు, "దేవుడు మేలు చేసినోళ్ళు లేసి చెప్పుండ్రి" అనేవారు. జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన బర్రె దొరికిందని ఒకరు లేచి చెప్పేవారు. చెప్పడం అయిపోగానే అందరం ఒక్క గొంతుతో "దేవునికి స్తోత్రం" అనాలి. ఆ మాట పడితేనే సాక్ష్యం పూర్తయినట్టు. పిల్లలకు మందిరంలో అరిచే వీలు అదొక్కటే కాబట్టి మేము రేకులు మోగేలా అనేవాళ్ళం.

ఆ సాక్ష్యాలన్నిటిలో పేరు మోసింది మా చిన్నాయినది. ఆయన మా బాపుకు, అంటే నాన్నకు, తమ్ముడు. మా బాపు పొలం దగ్గర మోటరు పెట్టబోయి కరెంటు షాకు తగిలి పోయాడు. ఇంట్లో బాపును కన్న అవ్వ, అమ్మ, నేను, చిన్నాయిన మిగిలాం. అన్న పోయిన బాధలో చిన్నాయిన లారీల వెంట మహబూబాబాద్ అడవి వైపు తిరిగి, అక్కడి స్నేహాల వల్ల గంజాయికి అలవాటు పడ్డాడు. ఇంటికి వచ్చినా కళ్ళు ఎర్రగా, మనిషి ఎక్కడో ఉన్నట్టు ఉండేవాడు. అవ్వ పస్తులుండి ప్రార్థించింది. ఒక ఉపవాస కూటంలో ఆయన వెనక నుంచి నడిచి వచ్చి అందరి ముందు మోకాళ్ళూనాడు. ఆ తరువాత మళ్ళీ ముట్టలేదు. అది దేవుడు చేసిన పని అని అప్పుడు నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను.

ఆ సాక్ష్యం సంఘానికి ఎంతగా నచ్చిందంటే, కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా చిన్నాయినను లేపి చెప్పించేవారు. పాలకుర్తిలో సభలు జరిగితే ఆటోలో తీసుకుపోయి మైకు చేతికిచ్చేవారు. ఆయన సిగ్గుతో తల వంచుకునే చెప్పేవాడు. గంజాయి అన్న మాట రాగానే జనం ముందుకు వంగేవారు, విడుదల అన్న మాట రాగానే స్తోత్రాలు మిన్నంటేవి. అవ్వ ముందు వరసలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

అలాంటి రోజుల్లో మిలిట్రీ సెలక్షన్లు పడ్డాయి. చిన్నాయిన పొద్దున్నే లేచి కాలువ కట్ట మీద పరుగెత్తేవాడు. పరుగులో నెగ్గాడు, ఎత్తు, ఛాతీ కొలతల్లో నెగ్గాడు. ఇక డాక్టరు పరీక్ష ఒక్కటి మిగిలింది. దానికి కొన్ని రోజులు ఆగి రమ్మన్నారు. మా ఇంట్లో అప్పటికే సగం నౌకరి వచ్చినట్టుండేది. అమ్మ కూలికి పోతే పూట గడిచే ఇల్లు మాది. ఆయన జీతం వస్తే అమ్మ ఎండలో వంగనక్కర లేదు, నన్ను హైస్కూలుకు పంపుతారు. చిన్నదాన్నే అయినా ఆ లెక్క నాకు బాగా తెలుసు.

అంతకుముందు సెలక్షనుకు పోయి వచ్చిన పక్క వాడకట్టు అన్న ఒకడు మంచి మనసుతోనే ఒక సంగతి చెప్పాడు. అక్కడ డాక్టరు మనిషి మనిషినీ అడుగుతాడట, ఎప్పుడైనా గంజాయి, మత్తు మందులు వాడావా అని. వాడానంటే బయటికే. "లేదు సార్ అనాలె, గంతే. నువ్వు మైకుల చెప్పినట్టు ఆడ మొదలువెట్టకు" అని నవ్వాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, సంఘ పెద్దలు చిన్నాయిన తల మీద చేతులుంచి ప్రార్థించారు. ప్రార్థన ముగిశాక చిన్నాయిన మోకాళ్ళ మీంచి లేవకుండానే అడిగాడు, డాక్టరు అడిగితే ఏం చెప్పాలని.

అయ్యగారు ఆయన భుజం మీద చేయి వేశారు. "దేవుడు నీ పాపాలను సముద్రంల పారేసిండు తమ్ముడు. మల్ల నువ్వెందుకు గాలమేసి గుంజుతవ్?"

"పాలకుర్తి సభల గాలం నా చేతికి ఇచ్చింది మీరే గద అయ్యగారూ," అన్నాడు చిన్నాయిన.

అందరూ గొల్లున నవ్వారు, అయ్యగారు కూడా. ఒక సంఘ పెద్ద మాత్రం ముఖం ముడుచుకున్నాడు. "గది వేరు, గిది వేరు. ఈడ చెప్తె దేవునికి మహిమ. ఆడ చెప్తె ఎవలికి మహిమ? నీ కడుపు కొట్టుకునుడే."

మా అవ్వ అయితే కొడుకు గడ్డం పట్టుకుంది. "నాకు ఒక్కనివే మిగిలినవు కొడుకా. జర లేదని అను. ఒక్క మాట. నీ పాపం నా మీద ఏసుకుంట, నేను ఉపాసముండి ఒప్పుకుంట."

వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. మా ఇంటి ఆకలి తెలిసినవాళ్ళు, వాక్యం తెలిసినవాళ్ళు. కానీ క్షమాపణ గురించి తాము నేర్చుకున్నదాన్నంతా అబద్ధానికి ఊతకర్ర చేస్తున్నామని ఆ రోజు అక్కడ ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. లేదని చెప్పి రావాలనే నేనూ కోరుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం అమ్మ ఇంటి ముందు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చిన్నాయిన వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "వదినె, అడిగితే నేను నిజమే చెప్త. నౌకరి రాకపోవచ్చు. నష్టపోయేది నేనొక్కన్నే కాదు, నువ్వు, పిల్ల గూడ. గందుకే ముందు నీకు చెప్తున్న. వద్దంటవా?"

అమ్మ చేటలోంచి ఇంకో రాయి ఏరి పారేసింది. మందిరంలో ఎప్పుడూ నోరు తెరవని మనిషి. చదువు రాదు, పాటలు కూడా పెదవులతోనే పాడేది. అప్పుడు చెప్పిన మాట నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"మీ అన్న పోయిన్నాడు నాకెవ్వలూ చెప్పలే. మన సంఘపోళ్ళే వచ్చిండ్రు. షాకు తాకింది, దవాఖాన్ల ఉన్నడు, బాగనే ఉన్నడు, నువ్వు జర తినుపో అన్నరు. నా మంచికే అన్నరు. నేను కూసోని కడుపు నిండ తిన్న. మల్లింత పెట్టుకోని తిన్న. గప్పటికే పానం పోయింది ఆయనది." చేట కింద పెట్టింది. "గా బువ్వ ఇంక గొంతులనే ఉన్నది నాకు. మంచి కోసం అబద్ధం చెప్పుమని నేను ఎవ్వలికీ చెప్ప. పో. అడిగితే చెప్పు."

అంతే. మళ్ళీ చేట అందుకుంది.

ఆయన పోయి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూడగానే అవ్వకు అర్థమైంది. ఏమీ అడగకుండా లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. అక్కడ ఏం జరిగిందో మాకు ఆ వచ్చే ఆదివారం మందిరంలోనే తెలిసింది. సాక్ష్యాల సమయంలో అయ్యగారు పిలవకుండానే చిన్నాయిన లేచాడు.

డాక్టరు హిందీలో అడిగాడట. పక్కన తెలుగు తెలిసిన సిపాయి ఒకాయన, ఆంధ్రా వైపు మనిషి, ఆ ప్రశ్నను తెలుగులో చెప్పేవాడట. చిన్నాయిన తాగి మానేశానని చెప్పగానే ఆ సిపాయి గొంతు తగ్గించి, "ఎప్పుడో మానేశావు కదా తమ్ముడూ, లేదని చెప్పేస్తాను, ఊరుకో" అన్నాడట. "నా బదులు మీరు అబద్ధమాడకుండ్రి సార్. తాగిన. మా అన్న పోయినంక తాగిన. దేవుడు ఇడిపిచ్చిండు. గదే చెప్పుండ్రి" అన్నాడట చిన్నాయిన. సిపాయి ఆయన వైపు వింతగా చూసి, చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు. పక్కన నిలబడమన్నాడు. సాయంత్రం పిలిచిన పేర్లలో ఈయన పేరు లేదు.

"వాళ్ళ తప్పేం లేదు. తుపాకి చేతికిచ్చేటోళ్ళు అడుగుతరు. నేను అడిగిందానికి చెప్పిన. నౌకరి రాలే. నాకు భయమైంది గని దేవుడు నా నోట అబద్ధం రానియ్యలే. గిదే నా సాక్ష్యం," అని చెప్పి నిలబడ్డాడు.

స్తోత్రం పడలేదు.

మేలు జరగని సాక్ష్యానికి ఏమనాలో మా సంఘానికి తెలియదు. నేను నోరు తెరిచి చుట్టూ చూశాను. పెద్దవాళ్ళందరూ చాపల వైపు చూస్తున్నారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ పెదవులు కదిలాయేమో, గొంతు మాత్రం బయటికి రాలేదు. రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది. చిన్నాయిన ఇంకా నిలబడే ఉన్నాడు, ఆ మాట పడితే కూర్చోవాలని అలవాటైన మనిషి కదా. చివరికి అయ్యగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. అందరూ హమ్మయ్య అన్నట్టు అందుకున్నారు. పాట సగంలో ఆయన కూర్చున్నాడు.

ఆ తరువాత పాలకుర్తి సభలకు ఆయనను తీసుకుపోవడం మానేశారు. సెలక్షన్లో తీసేసిన గంజాయి పిలగాడు అన్న పేరు ఊళ్ళో మళ్ళీ మొలకెత్తింది. పత్తి తీసే కాలం రాగానే నా బడి మాన్పించారు. అమ్మ ఒక సాలులో, నేను పక్క సాలులో. పత్తికాయల మొనలు వేళ్ళకు గుచ్చుకున్నప్పుడల్లా చిన్నాయిన మీద కోపం వచ్చేది. ఆయన ఒక్క మాట అని ఉంటే నేను బళ్ళో ఉండేదాన్ని కదా అనిపించేది. ఆ కోపం తప్పని నేను ఇప్పుడు కూడా అనను. ఆయన చెప్పిన నిజానికి నేనూ మూల్యం చెల్లించాను.

చిన్నాయిన భూపాలపల్లి పోయి బొగ్గు లారీల దగ్గర కూలికి కుదిరాడు. ఆయన పంపిన పైకంతోనే కొన్నాళ్ళకు నేను మళ్ళీ బడి ముఖం చూశాను. సెలవుకు వస్తే దగ్గుతో ఇల్లంతా మేలుకునేది. మందిరంలో వెనక చాప మీద కూర్చునేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, లేదని చెప్పి ఉంటే ఏమయ్యేది అని. "నౌకరి అయ్యేది బిడ్డా," అన్నాడు. ఇంకేమైనా అంటాడేమో, దేవుడు ఇంతకన్నా పెద్దది ఇస్తాడని అంటాడేమో అని చూశాను. అనలేదు. కాసేపు దగ్గి, "గట్ల చెప్పి మల్ల మైకు పట్టుకుంటే మాత్రం సిగ్గయితుండె," అన్నాడు. ఎలాగూ ఆయనకు మైకు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. నేను ఇప్పుడున్న వయసు రాకముందే ఆ దగ్గుతోనే ప్రభువు దగ్గరికి పోయాడు.

నేను జనగామలో ఉంటున్నాను. మా సంఘంలో స్త్రీల కూడిక నడిపిస్తాను. మొన్నామధ్య ఒకామె ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు కాలేజీ హాస్టల్లో స్నేహితులతో గంజాయి తాగి, భయపడి మానేశాడు. ఇప్పుడు మిలిట్రీకి దరఖాస్తు పెట్టుకుంటే డాక్టరు పరీక్షకు పిలిచారు. "అక్కా, డాక్టరు గా సంగతి అడగకుండ ప్రార్థన చెయ్యి," అంది. నేను ఆమెకు మా ఇంటి సంగతి చెప్పాను. ముందు నా బడి, అమ్మ ఎండ, చిన్నాయిన దగ్గు, మందిరంలో పడని ఆ మాట, ఏదీ తగ్గించకుండా చెప్పాను. ఆయన కాలంలో తీసేశారు, ఇప్పుడు తీసేస్తారో ఉంచుతారో నాకు తెలియదన్నాను. దేవుడు నష్టం రానివ్వడని అనలేదు. ఆ తరువాతే, అడిగితే నిజం చెప్పమని కొడుక్కు చెప్పు తల్లీ అన్నాను.

నేను పోసిన చాయ తాగకుండానే ఆమె లేచి వెళ్ళిపోయింది. కూడికకు వస్తుంది గానీ నా పక్కకు రాదు. ఆ అబ్బాయి ఏం చెప్పాడో, ఏమయ్యాడో నాకు ఎవరూ చెప్పలేదు. రోజూ వాడి కోసం మోకరిస్తాను. వాడికి ఆ నౌకరి రావాలని ఏడ్చి అడుగుతాను. డాక్టరు వాడిని ఆ ప్రశ్న వెయ్యకూడదని మాత్రం దేవుణ్ణి ఇంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు.