తలల లెక్క

ఎక్కడికి బయల్దేరినా ఆయన ముందు తలలు లెక్కపెట్టేవారు. సైన్యంలో కర్నల్‌గా చేసి, రిటైరయ్యాక విజయవాడలో స్థిరపడ్డారు. మా కోచింగ్ కాలేజీ సభకు పిలుచుకురావడానికి లెక్కల మాస్టర్నైన నేనే వెళ్లాను. ఆటోలో డ్రైవర్‌తో సహా చూపుడువేలితో లెక్కించి, "ముగ్గురం. దిగేటప్పుడూ ముగ్గురమే ఉండాలి మాస్టారూ" అన్నారు.

వేదిక మీద నిరుటి ర్యాంకర్ల ఫొటోలున్న ఫ్లెక్సీకి తెర కట్టాం. ప్రిన్సిపాల్ గారు ఆ తాడు ఆయన చేతికిచ్చి, "పిల్లలకి గెలుపు గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు.

"యుద్ధంలో ఒక కొండ పట్టుకున్నామండీ. నలభైమందిమి ఎక్కాం, ముప్పై ఒక్కమందిమి దిగాం. నాకు పతకం ఇచ్చారు. దాన్ని గెలుపని నా నోటితో ఎప్పుడూ అనలేదు." తెర వైపు తిరిగారు. "ఇందులో ఎంతమంది ఉన్నారు?"

"పన్నెండుమంది సార్."

"నిరుడు చేరింది ఎంతమందండీ?"

ప్రిన్సిపాల్ గారు నవ్వేశారు. "అదంతా ఇప్పుడెందుకు సార్, తాడు లాగండి."

ఆయన లాగలేదు. తాడు వదిలేసి, చూపుడువేలు ఎత్తి, ఎదురుగా ఉన్న పిల్లల్ని మొదటి వరుస నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు దగ్గారు. ఆ వేలు ఆగలేదు. అది ఆఖరి వరుసకు చేరేసరికి, నా క్లాసులో ఎప్పుడూ తల దించుకునే వెనకబెంచీ పిల్లలు నిటారుగా కూర్చుని ఉన్నారు.