అనువాదం: స్వయంగా రచయితే

నవల పూర్తయ్యాక ఢిల్లీ, ముంబయిలలోని పదకొండు మంది ఏజెంట్లకు రాశాను. ఏజెంటంటే రచయిత తరఫున ప్రచురణకర్తతో మాట్లాడి పుస్తకం వేసేలా ఒప్పించే మనిషి. జగ్గయ్యపేటలో మా పక్కింటి పత్తి వ్యాపారికి ఇది వివరిస్తే, "అంటే దళారీయేగా మాస్టారూ. మరి సరుకు చూడకుండానే వద్దంటాడేంటి?" అన్నాడు. ఆ మాట నాకింకా గుర్తుంది. నాకు అన్నీ గుర్తుంటాయి. ఆరుగురు జవాబే ఇవ్వలేదు. ముగ్గురు వద్దంటూ ఒకేలాంటి రెండు వాక్యాలు పంపారు. ఒకాయన ఇంకెవరి పేరో పెట్టి, మీ కవితలు బాగున్నాయి కానీ ఇప్పుడు తీసుకోలేమని రాశాడు. నేను జన్మలో కవిత రాయలేదు.

పదకొండోవారి విషయంలో మాత్రం తప్పు వాళ్ళది కాదు.

ఏ ఏజెంటుకైనా మొదటి మూడు అధ్యాయాలు ఇంగ్లీషులో పంపాలి. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయడం రాదు. నందిగామ కోర్టు ఎదురుగా ఒకావిడకు టైపింగ్ షాపు ఉంది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివి, టీచరు ఉద్యోగం రాక, తండ్రి నడిపిన షాపులోనే కూర్చుంది. మా వీధి కాలువ మీద, స్కూలు గోడ మీద, నాకు రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి ఇవ్వడం మీద నేను పెట్టిన అర్జీలన్నీ ఆమే ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసింది. నవల కాగితాలు ఇస్తే రెండు చేతులతో అందుకుంది.

"ఎప్పుడూ పిటిషన్లేనండి. కథ తెచ్చింది మీరొక్కరే. పుస్తకం వస్తే లోపలెక్కడో నా పేరు కూడా ఉంటుందిగా అండి?"

"ఎందుకుండదమ్మా" అన్నాను.

షాపులో జనం లేనప్పుడల్లా కూర్చుని నెలన్నరలో చేసింది. మూడో అధ్యాయం తీసుకోవడానికి వెళ్ళిన రోజు బెంచీ మీద నలుగురు కక్షిదారులున్నారు. ఆమె కాగితాలు సర్దుతూ నవ్వింది.

"మాస్టారూ, ఒకటడుగుతా, ఏమనుకోకండి. ఈ కథలో మీ హీరోకి అన్యాయం చెయ్యనోడు ఒక్కడన్నా ఉన్నాడా అండి?"

"ఉంటే ఆయన్ని కూడా ప్రతివాదిగా చేర్చమ్మా, ఓ పనైపోద్ది" అన్నాడు బెంచీ చివరనున్న ముసలాయన.

అందరూ నవ్వారు. నేను కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. బస్సు చిల్లకల్లు దాటినా ఆ నవ్వు చెవుల్లోనే ఉంది.

నాలుగు రోజుల తర్వాత, మిగతా పదిమందికీ పంపేశాక, ఇంట్లో కూర్చుని, ఢిల్లీలోని పదకొండో ఏజెంటుకు పంపాల్సిన ఫారం ఫోనులో నింపాను. రచయిత పేరు కింద ఇంకో గడి ఉంది, అనువాదకుల పేరుకు. ఆమె పేరు నాకు తెలుసు. ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా తెలుసు, షాపు బోర్డు మీద ఉంటుంది. ఆ గడిలో 'స్వయంగా రచయితే' అని నింపాను. మరిచిపోయి చేసింది కాదు. కోపంలో చేశానని కూడా చెప్పలేను. కోపం తగ్గడానికి నాలుగు రోజులు చాలు.

నాలుగు నెలలకు జవాబొచ్చింది. నవల తమకు సరిపడదన్నారు. అనువాదం మాత్రం చాలా బాగుందట. ఒక్క మాట ఎక్కువ లేదట. మా దగ్గర మరో తెలుగు నవల ఉంది, దానికి అనువాదకుల కోసం వెతుకుతున్నాం, మీరు చేస్తారా అని అడిగారు.

ముందు నాకు వచ్చింది సిగ్గు కాదు, నవల వద్దన్నందుకు ఒళ్ళు మంట. సిగ్గు మర్నాడు అన్నం దగ్గర వచ్చింది. ఇక పోలేదు.

ఆ వారమే నందిగామ వెళ్ళాను, చెప్పేద్దామని. నన్ను చూడగానే, "ఢిల్లీ నుంచి ఏమన్నా వచ్చిందా అండి?" అంది.

"ఏముంది, మామూలే."

"వాళ్ళకి రాసిపెట్టి లేదు లెండి" అని టీ తెప్పించింది. ఆ టీ తాగి బస్సెక్కాను.

ఫోను మార్చిపెట్టే ఇంగ్లీషుతో, అనువాదం నాది కాదని ఏజెంటుకు నాలుగు ముక్కలు నేనే పంపొచ్చు. కానీ ఆమె నంబరు వాళ్ళకివ్వాలంటే ఆమెను అడగాలి. అడగాలంటే చెప్పాలి. నోటితో చెప్పలేనని తేలిపోయింది కాబట్టి, ఏజెంటుకు రాయాల్సింది తెలుగులో రాసి, మళ్ళీ వెళ్ళి, ఆమె ముందు పెట్టాను. "ఇది ఇంగ్లీషులో కొట్టాలమ్మా."

కాలువ అర్జీ అనుకుందేమో, అలవాటుగా చదువుతూనే టైపు చేయడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర వేళ్ళు ఆగాయి. కాగితం చేతిలోకి తీసుకుని చివరిదాకా చదివింది. మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టి, నా వైపు చూడకుండా అడిగింది.

"నలుగురి ముందు ఆమె నన్ను చూసి నవ్వినందున, అని రాశారు. ఇది ఉంచాలాండీ?"

తప్పు ఒప్పుకునే ఉత్తరంలో కూడా ఆ ముక్క రాశానని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆమె నవ్వింది, అది నిజమే. అయినా తీసెయ్యమ్మా అనడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె ఆ ముక్క వదిలేసి మిగతాది టైపు చేసి, చివర తన నంబరు వేసింది.

ప్రింటు తీసి, అందరికీ చెప్పినట్టే, "చదువుకుని సంతకం పెట్టండి" అంది. ఆ రోజు మాస్టారూ అనలేదు.

సంతకం పెట్టి పంపాను. ఢిల్లీ వాళ్ళు ఆమెకు ఫోను చేశారో లేదో నాకు తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు. మా వీధి కాలువ మళ్ళీ పొంగుతోంది. అర్జీ తెలుగులో రాసి పెట్టుకున్నాను. అది ఇంట్లోనే ఉంది.