మూత బిగించకముందు కొట్టిన కొబ్బరికాయ

గోదావరిఖని దాటి మంచిర్యాల వైపు వెళ్లే రోడ్డు పక్కన, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లను బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి ఉంది. అందులో పెద్ద మేస్త్రీ ముత్యం. ఆయనకు ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. నీడ ఎటు జరిగితే కుర్చీ అటు జరుగుతుంది. పదకొండేళ్లలో ముత్యం ఆ షెడ్డులో మోసిన బరువేదైనా ఉందంటే అది ఆ కుర్చీయే.

పొద్దున తెల్ల చొక్కాతో వస్తాడు, సాయంత్రం అదే తెల్ల చొక్కాతో వెళ్తాడు. నూనె, మసి, వార్నిషు మధ్య రోజంతా ఉండి ఒక్క మరక అంటకుండా బయటపడడం కూడా పనితనమే కాబోలు. ఆయనకు తెలిసిన పనితనం అంతవరకేనని జమునకు షెడ్డులో చేరిన వారానికే అర్థమైంది. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు పెట్టుకుంటాడు. అది వెలగగా చూసినవాళ్లు లేరు.

ముత్యం తండ్రి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు దిగి ఎక్కిన మనిషి. కొడుకు మాత్రం లోపల ఊపిరాడదని చెప్పి, జ్యోతినగర్ పవర్‌హౌస్‌లో ఒక కాంట్రాక్టరు కింద రెండేళ్లు కేబుళ్లు లాగాడు. ఆ రెండేళ్లూ ఆయన నోట్లో నాని నాని ఇరవై అయ్యాయి.

"నేను పవర్‌హౌస్‌ల ఉన్నప్పుడు ఇంజినీర్లు నన్ను అడగంది స్విచ్చి మీద చెయ్యి పెట్టకపోదురు," అంటాడు, కాలు మీద కాలు వేసుకుని.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరు మీద వేసుకొచ్చిన రైతులు నోరు తెరుచుకుని వింటారు. మోటార్లు ఆగిపోయినవాళ్లు ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్లను నమ్ముతారు.

"పదకొండు వేల కరెంటు పైకెళ్లి వస్తది. మస్తు వేడి మీదుంటది. నూనెల మునుగుతది, సల్లవడ్తది, నాలుగొందలైతది. గంతే! దీనికి చదువుడు ఎందుకు?"

ఈ మాట విన్న ప్రతిసారీ జమున తల ఇంకొంచెం వంచుకుని తీగ చుడుతుంది. నవ్వొస్తే ఎవరైనా చూస్తారని భయం. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. అమ్మకు జబ్బు చేసి దవాఖాన చుట్టూ తిరగడంలో పదో తరగతి పరీక్షలు పోయాయి. కాలిన కాయిళ్ల మీది కాగితం గీకే పనికి షెడ్డుకు వచ్చింది. చూసి చూసి చుట్టడం నేర్చుకుంది. నేర్పింది తానేనని ముత్యం చెప్పుకుంటాడు. నేర్పడానికి ముందు తెలిసి ఉండాలన్న నియమం ఆయనకు లేదు.

జమునకు తెలిసిన సంగతి వేరే. ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పల్చటి ఇనుప రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు కాళ్లు ఉంటాయి. ఒక్కో కాలికి ముందు మందపాటి తీగ వంద చుట్లు. దాని మీద, మధ్యలో అట్టగొట్టం పెట్టి, సన్నతీగ నాలుగు వేల నాలుగు వందల చుట్లు. ఈ తీగ ఆ తీగను ఎక్కడా తాకదు. సన్నతీగలో కరెంటు పారితే ఇనుములో అయస్కాంతం సెకనుకు వందసార్లు అటూ ఇటూ తిరగబడుతుంది, ఆ తిరగబాటుకు మందపు తీగలో కరెంటు పుడుతుంది. చుట్లు ఎన్ని రెట్లు తగ్గితే వోల్టేజీ అన్ని రెట్లు తగ్గుతుంది. అందుకే పదకొండు వేలు లోపలికి వెళ్తే మోటారుకు కావాల్సినంతే బయటికి వస్తుంది. నూనె చేసేది రెండు పనులు: వేడిని బయటికి లాగడం, కరెంటు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకకుండా ఆపడం. ఆ నూనెలో నీటి చుక్క పడితే రెండో పని చెడుతుంది.

అందుకే జమున చెయ్యి చెమట పడితే తీగ ముట్టదు. పొడిగుడ్డతో తుడుచుకుని కూర్చుంటుంది. ఒక్కో కాలికి సన్నతీగ కాయిళ్లు నాలుగు, కాయిలుకు పదకొండు వందల చుట్లు. ప్రతి నూరు చుట్లకూ ఒక కాగితం ముక్క అంచు బయటికి కనిపించేలా దోపుతుంది. కాయిలు పూర్తయితే పదకొండు ముక్కలు. తర్వాత కాయిళ్లన్నిటినీ వేడిగదిలో ఒక పగలూ ఒక రాత్రీ ఎండబెడతారు. తడి అంటే అంత పగ.

ఆ షెడ్డులో ఇంకో పద్ధతి కూడా ఉంది. బాగైన ట్రాన్స్‌ఫార్మర్ బయల్దేరేటప్పుడు ట్రాక్టరు చక్రం ముందు ముత్యం కొబ్బరికాయ కొడతాడు. ఆయన నిజంగా చేతులతో చేసే పని అదే కాబట్టి ఎవరూ అడ్డం చెప్పరు.

యాసంగి వరి పొట్టకొచ్చిన రోజుల్లో, నది పక్క ఊరి నుంచి సమ్మవ్వ అనే ముసలామె, ఇంకో ఐదారుగురు రైతులు ఒక ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చారు. ఇరవై రెండు మోటార్లు దాని మీదే ఆధారం. జమున నాలుగు రోజులు వంగిన నడుం ఎత్తకుండా చుట్టింది. శుక్రవారం పొద్దున ట్యాంకులో నూనె పోశారు, పరీక్ష పెట్టెలో పోసి చూశారు, బాగుందని కాగితం మీద రాశారు. ఇక మూత పెట్టి బిగించాలి. మూత కింద వేసే రబ్బరు పట్టీ ఇంకా కోస్తున్నారు.

ముత్యం గడియారం చూసుకున్నాడు. "పదిన్నరకు రాహుకాలం ఒస్తాంది. ఇంకెప్పుడు కోస్తర్రా పట్టీ?"

"పావుగంట మేస్త్రీ."

"పావుగంటల మంచి గడియ పోతది. జరుగున్రి."

కొబ్బరికాయ తెచ్చి, మూతలేని ట్యాంకు అంచు మీద ఠపీమని కొట్టాడు. కాయ నిండుకాయ. సగం నీళ్లు అంచు బయట పడ్డాయి, సగం నేరుగా నూనెలోకి దిగాయి. రైతులు దండం పెట్టారు.

జమున తీగ చుట్టే మిషను దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆమె గొంతు ఆమెకే వినపడనంత మెల్లగా ఉంది. "కాకా, నీళ్లు లోపట పడ్డయి."

"పడితే?"

"నూనె తీసి మల్ల పొయ్యాలె కాకా."

"దేవుని నీళ్లే పోరీ! నూనె వేడికి ఆవిరై పోతయి. నేను పవర్‌హౌస్‌ల ఎన్ని చూడలే? పోయి నీ చుట్లు నువ్వు చూస్కో."

పనివాళ్లంతా నవ్వారు. వాళ్లకు తెలియకనా? తెలుసు. మేస్త్రీ నవ్వితే నవ్వాలని ఇంకా బాగా తెలుసు. జమున వెనక్కి వెళ్లి కూర్చుంది. వాళ్ల మీద ఎంత రోత పుట్టిందో, రెండో మాట అనలేకపోయిన తన మీద కూడా అంతే పుట్టింది.

మంగళవారం ట్రాక్టరు మళ్లీ షెడ్డు ముందు ఆగింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలి, ట్యాంకు పక్కలు ఉబ్బి ఉన్నాయి. సమ్మవ్వ దిగుతూనే మొదలుపెట్టింది.

"నాలుగు రోజులకే మంట లేసింది! నెర్రెలిచ్చిన మడిల పొట్టకొచ్చిన వరి నిలవడ్డది. ఎవలు చేసిన్రయ్యా గీ పని?"

ముత్యం కుర్చీలోంచి లేవకుండానే వేలు చూపించాడు. "నూనె పరీక్షల పాసైంది, కాగితమున్నది. ఇగ మిగిలింది కాయిలే. గా పోరి ఏడనో చుట్లు తప్పింది. ఆడపిల్ల చెయ్యి, ఒక్క తీరుగ ఉంటదా? మా సంపత్‌ను కూసోబెట్టుమని ఎన్నడో చెప్పిన."

సంపత్ ఆయన అల్లుడు. వైండింగు మిషను మీద ఆయన కన్ను పడి ఆర్నెల్లయింది. షెడ్డు యజమాని వీర్రాజు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. గట్టిగా పలికిన మాటే సరైన మాట అనుకునే రకం. ఆయన జమున వైపు చూసి నిట్టూర్చాడు.

"ఏంటమ్మా ఇది? రేపట్నుంచి నువ్వు మళ్లీ గీకుడు పనికి వెళ్లు. సంపత్ వచ్చి మిషను చూసుకుంటాడు."

అంత తేలిగ్గా అయిపోయింది. ఆరేళ్ల చేతిపని, ఒక్క నిట్టూర్పుతో.

ముత్యం అప్పటికే పనివాళ్లను తొందరపెడుతున్నాడు. "పంపు పెట్టి పైకెళ్లి నూనె గుంజుండ్రి. కాయిళ్లు ఉలితోని నరికి పారెయ్యిండ్రి. జల్ది!"

నరికితే కాగితం ముక్కలుండవు. పైనుంచి పంపుతో లాగడం ఆ షెడ్డు అలవాటు. ట్యాంకు అడుగున ఉన్న వాల్వును ఎవరూ తిప్పరు. నీళ్లు నూనె కన్నా బరువు. అవి ఎక్కడ ఉంటాయో జమునకు తెలుసు. ఆమె లేచి నిలబడింది. పొడిగుడ్డను గట్టిగా పట్టుకుంది.

"సార్, కింది వాల్వు ఇప్పుదాం. ఒక్క గిలాస పడత."

"వాల్వుతోని నీకేం పని?" ముత్యం ఆ రోజు మొదటిసారి కుర్చీలోంచి లేచాడు. "చేసిన కాడికి చాలదా?"

"పట్టనియ్యయ్యా," అంది సమ్మవ్వ. "నూనే గదా పట్టేది, నీ నెత్తురైతె కాదు."

వీర్రాజు చెయ్యి ఊపాడు. జమున వాల్వు కింద గాజు గ్లాసు పెట్టి, స్పానరుతో తిప్పింది. మొదట ఏమీ రాలేదు. తర్వాత తెల్లగా, మడ్డిగా, జిగటగా నీళ్లు వచ్చాయి. సగం గ్లాసు నిండాక గాని నల్లటి నూనె రాలేదు. నీళ్లలో రెండు పీచు పోగులు తేలుతున్నాయి.

సమ్మవ్వ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. "పులిసిన కొబ్బరినీళ్లు! నాకు తెల్వని వాసనా? ఏం మేస్త్రీ, దేవునికి కొట్టినవా, నూనెకు తాగిచ్చినవా?"

రైతుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. పనివాళ్లు కూడా నవ్వారు. శుక్రవారం అటు నవ్విన నోళ్లే మంగళవారం ఇటు తిరిగాయి. జమున వాళ్ల వైపు చూడలేదు.

గొలుసులతో మూడు కాళ్ల ఇనుమును కాయిళ్లతో సహా పైకి ఎత్తారు. నడిమి కాలి మీద కాయిలు పైభాగం బొగ్గయింది. సరిగ్గా కాయ కొట్టిన అంచు కింద. కాగితం తడిసి ఉబ్బిన చోటు దాటి మంట దిగలేదు. ఆ పక్కనే, రేకుకూ కాయిలుకూ మధ్య కొబ్బరిచిప్ప ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. జమున కాలిన కాయిలును నిమ్మళంగా తిప్పి కాగితం ముక్కల అంచులు లెక్కపెట్టింది. వీర్రాజు వంగి తనూ లెక్కపెట్టాడు. నాలుగు కొసలు మాడాయి, ఏడు తెల్లగా ఉన్నాయి. పదకొండు.

"ముత్యం, ఏం చెప్తావయ్యా దీనికి?" అన్నాడు వీర్రాజు.

ముత్యం తెల్ల చొక్కా సర్దుకున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఈ మనిషి ఇప్పుడు తప్పయిందంటాడేమో అని జమున అనుకుంది. అంత మర్యాద ఆయన మీద ఇంకా ఎందుకు మిగిలిందో ఆమెకే తెలియలేదు.

"కాయ పగిలినప్పుడే నాకు అనుమానమైంది సేటూ," అన్నాడు ముత్యం. "కుళ్లుకాయ ఎల్లింది. కుళ్లుకాయ ఎల్తే గిట్లనే ఐతది. గా కాయలమ్మే కొట్టోణ్ని అడగాలె."

వీర్రాజు జమున వైపు తిరిగాడు. "జమునమ్మా, మిషను నీదే. ఎన్ని రోజుల్లో అవుతుంది?"

"ఒక్క కాలే కాలింది సార్. రెండొద్దులు చుడ్త, ఒకొద్దు ఎండాలె. నూనె మొత్తం కొత్తది పొయ్యాలె." ఆగి, నేల చూస్తూ ఇంకో మాట చేర్చింది. "మూత నేను బిగిస్త. బిగించినంకనే కాయ."

సమ్మవ్వ ఆ మూడు రోజులూ షెడ్డు ముందే కూర్చుంది. మళ్లీ శుక్రవారం వచ్చింది. రాహుకాలం కూడా మళ్లీ వచ్చింది. ముత్యం కొబ్బరికాయ పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. జమున స్పానరు తీసుకుని బోల్టులు ఒక్కొక్కటే బిగించింది, ఒకటి బిగించి దానికి ఎదురుగా ఉన్నది బిగించి, తొందర లేకుండా. పదిన్నర దాటింది. ముత్యం చొక్కా వీపున మొదటిసారి తడిసింది.

చివరి బోల్టు అయ్యాక ఆమె పక్కకు జరిగింది. కాయ చక్రం ముందు పగిలింది. నీళ్లు దుమ్ములో ఇంకాయి.

"చూసిన్రా?" అంటున్నాడు ముత్యం రైతులతో, చెయ్యి తుడుచుకుంటూ. "మూత బిగించినంకనే కొట్టాలె. గిది పవర్‌హౌస్ పద్ధతి. ఈ షెడ్డుల నేనే పెట్టిన."

జమునకు కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికి ఎదుట ఒక మనిషంటూ ఉండాలి. ఆమె చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని, మిషను ముందు కూర్చుని, తీగ కొసను వెతికి పట్టుకుంది.