తల దక్షిణానికి పెట్టిన మంచం

నా చిన్నప్పుడు సీతారామపురం దగ్గర మా ఊళ్ళో ఒక మనిషి చావుకు దగ్గరపడ్డాడంటే ఆ ఇంట్లో అందరి గొంతులూ తగ్గిపోయేవి. ఆత్మకూరు డాక్టరు మా తాతయ్యను చూసి, కడుపులో గడ్డ ముదిరిపోయింది, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనది పెట్టండి అని పంపేసినప్పటి నుంచీ మా ఇల్లూ అలాగే అయింది. తాతయ్య ఒక్కడే మామూలుగా ఉన్నాడు. ఆ డాక్టరేదో ఈ ఇష్టమైనది పెట్టమనే మాట నా పెళ్ళయిన కొత్తలోనే మీ అవ్వకు చెప్పి ఉంటే ఈ గడ్డే వచ్చేది కాదు కదా అనేవాడు. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. నవ్వితే పాపమనుకునేవాళ్ళు.

నాకు మాత్రం భయం పట్టుకుంది. అంతకు ముందు ఆయన భుజం దిగని దాన్ని. ఎముకల గూడైపోయిన ఆ మనిషిని చూస్తే మా తాతయ్య కాడనిపించేది. రోజూ పొద్దున్నే వాకిట్లోంచి పిలిచేవాడు, నేను గడప దాటేదాన్ని కాదు. అమ్మ బతిమాలింది, తిట్టింది. పోయేలోగా ఒక్కసారైనా పిల్ల వచ్చి పక్కన కూర్చుంటుందా అని ఆయన అవ్వను అడగడం నా చెవిన పడింది కూడా. అయినా వెళ్ళలేకపోయాను.

మాది గొర్రెల మంద ఉన్న ఇల్లు. లోపల పడుకుంటే గొర్రెలు కనబడవని తాతయ్య మంచం వాకిట్లో వేయించుకున్నాడు. గొర్రెల దొడ్డి ఇంటికి ఉత్తరం వైపు. పడుకుని దాన్ని చూడాలంటే తల దక్షిణానికి పెట్టాలి. మా వైపు అలా వాకిట్లో పడుకోబెట్టేది ప్రాణం పోయినవాళ్ళనే. అవ్వ వద్దని మొత్తుకుంది. గొర్రెలు ఉత్తరాన ఉంటే నేనేం చేసేది అన్నాడు. మంద మేతకు పోయాక, ఈగలు ముసురుతున్నాయని దుప్పటి మొహం మీదికి లాక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన చెల్లెలు, అన్నకు బాగాలేదని విని కలిగిరి నుంచి వచ్చింది. వీధి మలుపులోనే మంచం చూసింది, తల ఎటుందో చూసింది, ముసుగు చూసింది. ఇంకేముంది, చేతిసంచి అక్కడే పడేసి రాగం అందుకుంది. మా ఊళ్ళలో ఆడవాళ్ళ ఏడుపు వట్టి ఏడుపు కాదు. పోయినవాళ్ళ మంచి అంతా వరసగా చెప్పుకుంటూ సాగుతుంది. నాయన లేని నన్ను నాయనై సాకినావే అన్నా, ఎత్తుకోని వాగు దాటించినావే అన్నా అంటూ మంచం కోడు పట్టుకుని కూలబడింది. అమ్మ చెప్పబోయేంతలో దుప్పటి కింద నుంచి, ఆమెకు కనబడని వైపు, ఒక చెయ్యి బయటికొచ్చి ఆగమని సైగ చేసింది. గడప మీద నేనున్న వైపు దుప్పటి అంచు కొంచెం జరిగింది. తాతయ్య నాకు కన్ను కొట్టాడు.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ముసుగులోంచి తాపీగా మాట వచ్చింది.

"అంతా బాగానే ఉండాది గానీ మే, నా గొర్రెల ఊసే ఎత్తకపోతివే."

ఆమె కెవ్వుమని వెనక్కి పడింది. లేచి, చచ్చేవాడికి ఇదేం పోయేకాలం అని తిడుతూ ఆయన భుజం మీద ఒకటి వేసింది. తిడుతూనే నవ్వేసింది. అవ్వ నవ్వింది, అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. కడుపు పట్టుకుని నవ్వుతూ నేను ఎప్పుడు గడప దాటానో, ఎప్పుడు మంచమెక్కానో నాకే తెలియదు. అన్నీ ఎముకలే, కానీ మా తాతయ్యే. నా చెయ్యి పట్టుకున్నాడు.

"దేనికి పాపా భయం? పోయేది నేను గదా. నేనే భయపడలా, నీకేంది?"

ఆయన ఉన్నన్నాళ్ళూ మా తిండీ మాటా ఆ మంచం చుట్టూనే. పోయిన రోజు చెల్లెలు మళ్ళీ వచ్చింది. అదే వాకిలి, తల అదే దిక్కు. ఈసారి రాగంలో గొర్రెలను మరవలేదు. నీ గొర్రెలు నిన్ను ఎతుక్కుంటా ఉండాయే అన్నా అని, రాగం ఆపి దుప్పటి కేసి చూసింది. అందరం చూశాం. చెయ్యి బయటికి రాలేదు. అప్పుడు ఏడ్చాం, కరువుతీరా.

ఈ మధ్య నాకూ డాక్టరు అదే మాట చెప్పాడు, ఇష్టమైనది తినమని. కొడుకూ కోడలూ గుసగుసలు మొదలుపెట్టారు. మనవరాలు గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి ఈ కథంతా చెప్పి, మంచం తిప్పించుకున్నాను. తల ఎటు పెట్టానో వేరే చెప్పక్కర్లేదు. ఈ పొద్దున దుప్పటి మొహం మీదికి లాక్కుని కదలకుండా పడుకున్నాను. కాసేపటికి చిన్న అడుగులు దగ్గరికొచ్చాయి. దుప్పటి అంచు మెల్లగా లేచింది.

కన్ను కొట్టాను.