ఒక మిషను మీద ఇద్దరం

రేపల్లె అక్కగారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున ఆమె మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. "అత్తయ్య ప్రభువులో నిద్రించిందండి. ఏ బాధా పడలేదండి. తెనాలి ప్రెస్సు తమ్ముడికి తప్పకుండా చెప్పమని ముందే చెప్పిపెట్టింది" అంది. "ఆఁ... అట్టాగేనమ్మా" అన్నాను. వస్తున్నానని కూడా చెప్పలేదని ఫోన్ పెట్టేశాక గాని తెలియలేదు.

నేను మాటకారిని కాను. మాది అమృతలూరు పక్కన పల్లె. ఊళ్ళో బడి ఎంతవరకు ఉందో అంతవరకే చదివాను. తర్వాత తెనాలిలో ప్రెస్సులో చేరి సీసపు అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాను. ఎవరెవరి మాటలో పేర్చాను గాని నా మాటలంటూ రాసింది లేదు. అక్కగారి గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఆమె నాకు చుట్టం కారు. రేపల్లెలో చర్చి వాళ్ళ బడిలో లెక్కల టీచరు. ఎనభైలలో ఆ బడి ప్రశ్నపత్రాలు మా దగ్గరే అచ్చయ్యేవి. ప్రూఫు చూడడానికి పాసింజరు బండెక్కి ఆమే వచ్చేవారు. చేతిలో గొడుగు, చంకలో సంచి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. వచ్చీ రాగానే "గుడ్ మార్నింగ్ తమ్ముడూ" అనేవారు. సాయంత్రం వచ్చినా గుడ్ మార్నింగే. ప్రూఫులో పెన్సిలుతో సన్నగా గీత గీసేవారు, కాగితానికి నొప్పి పెట్టకుండా గీసినట్టుండేది. "తప్పు" అని ఏనాడూ అనలేదు. "ఇక్కడ మళ్ళీ ఒకసారి చూద్దాం" అనేవారు.

ఒకసారి ఏడో తరగతి లెక్కల పేపరుకి అక్షరాలు పేర్చి పేజీ కట్టేటప్పుడు మా దగ్గర సున్నాలు అయిపోయాయి. ఉన్న సున్నాలన్నీ ఎవరిదో సొసైటీ పట్టికలో ఇరుక్కుని ఉన్నాయి. అది విప్పేదాకా ఈ పేపరు కదలదు. పరీక్షేమో మర్నాడు. నేను చెప్పడానికి మొహమాటపడి అక్షరాల గళ్ళ ముందు నిలబడిపోయాను.

"ఏంటి తమ్ముడూ, ఏం లేవు?"

"సున్నాలండి."

ఆమె నవ్వారు. స్టూలు లాక్కుని కూర్చుని పెన్సిలు తీశారు. పది మామిడిపళ్ళు తొమ్మిదయ్యాయి. ఇరవై గజాల గుడ్డ పద్దెనిమిది గజాలయింది. లెక్కలన్నీ మళ్ళీ చేసి, జవాబులు చక్కగా వచ్చేట్టు సరిచూసుకున్నారు. "పిల్లలకి పదయితే ఏంటి, తొమ్మిదయితే ఏంటి? లెక్క వస్తే చాలు. నువ్వు కట్టెయ్" అన్నారు. ఆ రోజు నుంచే ఆమె నాకు అక్కగారు.

తర్వాత కాలం మారింది. మా పాత ఓనరు గారి అబ్బాయి ప్రెస్సు చేతికి తీసుకున్నారు. ఆయన చిన్నప్పుడు రేపల్లెలో అమ్మమ్మ గారింట్లో ఉండి అక్కగారి దగ్గరే చదువుకున్నారు. సీసం అక్షరాలు తూకానికి వెళ్ళిపోయాయి. వాటి చోట మాకింటోష్ కంప్యూటరు ఒకటి వచ్చింది. తెలుగు అక్షరాలు అందంగా వస్తాయని మద్రాసు నుంచి తెప్పించారు. నలభై దాటాక దాని ముందు కూర్చున్నాను. ఏ మీట నొక్కితే ఏ ఒత్తు వస్తుందో మనసుకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. నిద్రలో కూడా మంచం పట్టె మీద వేళ్ళాడించేవాణ్ణని మా ఇంట్లో ఆవిడ నవ్వేది. చివరికి వచ్చింది. దాని మీదే పుస్తకాల పేజీలు కట్టాను.

అక్కగారు రిటైరయ్యారు. కొత్త ఓనరు గారు బతిమాలి, లెక్కలూ ప్రూఫులూ చూడమని ప్రెస్సుకి తెచ్చుకున్నారు. రోజూ రేపల్లె బండికి వచ్చి, సాయంత్రం రేపల్లె బండికి వెళ్ళేవారు.

అప్పుడే రొయ్యల చెరువులు జోరు మీదున్నాయి. నిజాంపట్నం వైపు కంపెనీలు ధరల పట్టికలు, పెట్టెల మీద అంటించే చీటీలు అచ్చేయమని ఫ్లాపీలు పంపేవి. బాపట్ల కాలేజీల వాళ్ళు రిపోర్టులు తెచ్చేవారు. అవన్నీ విండోస్ కంప్యూటర్లలో, ఎక్సెల్లోనో వర్డులోనో చేసినవి. మా మిషన్లో పెడితే గళ్ళు చెదిరిపోయేవి, అంకెల చోట పిచ్చి గుర్తులు వచ్చేవి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోయేవాళ్ళు.

ఒకరోజు ఓనరు గారు నా దగ్గరికి వచ్చారు. "బాబాయ్, ఈ మిషను అమ్మేసి విండోస్‌ది తీసుకుందామనుకుంటున్నా. దాని మీద చేసేవాళ్ళు బోలెడుమంది దొరుకుతున్నారు. నువ్వు బైండింగు చూసుకుందువుగాని. నీకూ కళ్ళకి శ్రమ తగ్గుద్ది."

"అట్టాగేనండి" అన్నాను.

ఆయన మంచికే చెప్పారు. బైండింగు తక్కువ పనేం కాదు. కాకపోతే నాకు పదిహేనేళ్ళప్పటి నుంచి ఈ చేతులు అక్షరాల మీదే ఉన్నాయి. మళ్ళీ కొత్త మిషను, కొత్త మీటలు నేర్చుకునే ఓపిక నాలో లేదని నాకు తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. అక్కగారు బల్ల దగ్గర నుంచి చూశారు.

"తమ్ముడూ, నీకిష్టమేనా?"

"ఆయన చెప్పారు కదండి."

"ఆయన చెప్పింది నేనూ విన్నాను. నిన్నడుగుతున్నా."

"ఈ మీటలు వేళ్ళకి వచ్చేశాయండి" అన్నాను.

ఆ వారంలోనే ఆమె బాపట్ల వెళ్ళొచ్చారు. అక్కడ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే లెక్చరరు ఒకాయన ఆమె పాత విద్యార్థి. తిరిగి వచ్చి ఓనరు గారిని నిలబెట్టి మాట్లాడారు.

"ఒరే నాయనా, ఈ మిషన్లోనే ఇంకో మిషను ఉన్నట్టు నటించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయంట. అది వేస్తే విండోస్ ఇందులోనే నడుస్తుంది. ఎక్సెల్లూ వర్డులూ అన్నీ తెరుచుకుంటాయి. ఇది అమ్మే పని లేదు."

"టీచరు గారూ, ఈ వయసులో మీకెందుకండి ఈ తిప్పలు?"

"వయసు నాకొచ్చింది, మిషనుకి కాదుగా."

ఓనరు గారు నవ్వేశారు. "సరేనండి, తెప్పిస్తా. పని జరిగితే ఉంచుదాం. జరక్కపోతే మాత్రం అమ్మేస్తా, మళ్ళీ అడ్డు చెప్పకూడదు మీరు."

విజయవాడ నుంచి కంప్యూటర్లమ్మే ఆయన రెండు రకాల సీడీలు పట్టుకొచ్చాడు. ముందు మొదటిది వేశాడు. మా మిషను తెర మీద విండోస్ వచ్చి కూర్చుంది.

"ఇదేంటండి, మిషనుకి పూనకమా?" అన్నాను.

"పూనకం కాదు తమ్ముడూ, ఆడపడుచు వచ్చింది. ఇల్లు మనదే, పెత్తనం ఆవిడది" అన్నారు అక్కగారు. అమ్మే ఆయన కూడా నవ్వాడు.

ఆ మొదటి రకం చురుగ్గా ఉంది. రొయ్యల పట్టిక ఇట్టే తెరుచుకుంది. ఓనరు గారికి నచ్చింది. అయితే దానికి మిషను మెమరీలో పెద్ద వాటా కావాలి. అది నడవాలంటే నా పేజీ మూసేయాలి. అప్పుడు నేను వరి తెగుళ్ళ మీద ఒక లావుపాటి పుస్తకానికి పేజీలు కడుతున్నాను. మూసి, మళ్ళీ తెరిచి, ఆగిన చోటికి వచ్చేసరికి పావుపూట పోయింది. ఇంతలో ఇంకో ఫ్లాపీ వచ్చింది. మళ్ళీ మూశాను. ఇట్టా అయితే పుస్తకం సాగదు. పుస్తకం సాగకపోతే ఈ మిషను ఎందుకని ఓనరు గారు అడుగుతారు.

మర్నాడు రెండోది వేశాడు. అది నిదానం. కాకపోతే దానికి ఎంత మెమరీ ఇవ్వాలో మనమే చెప్పొచ్చు, మిగతాది నా పేజీకి ఉంటుంది. విండోస్‌ని నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆపి, తర్వాత అక్కడి నుంచే లేపొచ్చు.

"మొదటిదే తీసుకోండమ్మా. ఫాస్టు" అన్నాడు అమ్మే ఆయన.

"ఫాస్టు ఎవరికి?" అన్నారు అక్కగారు.

ఆయనకి అర్థం కాలేదు. ఆమె రెండోదాని మెమరీ గడి చూపించారు. "దీనికి తక్కువలో తక్కువ ఎంతివ్వొచ్చు?"

"సగమన్నా ఇవ్వాలండి. అంతకు తగ్గిస్తే నత్త నడిచినట్టు నడుస్తుంది."

"నడుస్తుందిగా?"

"నడవడం నడుస్తుందండి. మీరు కూర్చోలేరు."

"కూర్చోవడం నాకలవాటే. ముప్పై ఏళ్ళు పరీక్ష హాల్లో కూర్చున్నా" అని, తక్కువ అంకె తనే కొట్టారు.

నా పేజీ తెరిచే ఉంది. ఆమె తెరిచిన రొయ్యల పట్టిక కూడా వచ్చింది, ఆలస్యంగానైనా గళ్ళు చెదరకుండా. ఓనరు గారు రెండూ చూసి, "సరే బాబాయ్, నీ మిషను నీకే. బైండింగుకి ఇంకెవరినన్నా చూస్తాలే" అన్నారు. ఆ మధ్యాహ్నం నేను పెరుగన్నం రెండుసార్లు పెట్టుకుని తిన్నాను.

ఆ తర్వాత సంవత్సరాలు ఒక మిషను మీద ఇద్దరం పని చేశాం. ఫ్లాపీ రాగానే నేను లేచేవాణ్ణి, ఆమె కూర్చునేవారు. విండోస్ లేచేసరికి, ఎక్సెల్ తెరుచుకునేసరికి చాలాసేపు పట్టేది. ఆమె సంచిలో నుంచి వేరుశెనక్కాయలు తీసి ఒలుచుకునేవారు. పొట్టు ఒక కాగితంలో, పప్పులు ఇంకో కాగితంలో. పప్పుల్లో సగం నా వైపు జరిపేవారు. రొయ్యల కంపెనీ గుమస్తా "ఏంటి టీచరు గారూ, ఇంకా తెరుచుకోలేదా? మా బోటు సముద్రంలోకి పోయి తిరిగొచ్చేట్టుంది" అని ఎగతాళి చేసేవాడు. "తిరిగొస్తే నాలుగు రొయ్యలు ఇటు పడెయ్యి. అప్పటికి ఇదీ తెరుచుకుంటుంది" అనేవారు ఆమె. విసుక్కోగా నేను చూడలేదు. తెర మీద గడియారం బొమ్మ ఆగకుండా కనిపిస్తుంటే "ఉండనీ, వస్తుంది" అనేవారు. ఆ మాట మిషనుతో అంటున్నారో నాతో అంటున్నారో తెలిసేది కాదు.

కళ్ళు కనబడక నేనే పని మానేశాను. నన్నెవరూ మాన్పించలేదు. ఆమె ఇంకొన్నాళ్ళు చేసి రేపల్లెలోనే ఉండిపోయారు. బండెక్కి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. టీ తాగి వచ్చేవాణ్ణి.

ఆ ఆదివారం సాయంత్రమే రేపల్లె వెళ్ళి, సమాధుల తోటలో గుప్పెడు మట్టి వేసి పక్కకి వచ్చాను. ఓనరు గారు వచ్చారు. ఆయన తల కూడా నెరిసిపోయింది. నా భుజం మీద చెయ్యేశారు.

"బాబాయ్, నీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదు. రొయ్యల పని పెరిగినప్పుడు టీచరు గారికి విడిగా ఒక విండోస్ మిషను కొంటానన్నా. వద్దన్నారు. ఎన్నాళ్ళిట్టా ఎదురుచూస్తా కూర్చుంటారండీ అని అడిగా. 'అదొచ్చిన మర్నాటి నుంచి నీకు ఈ పాత మిషను దండగ అనిపిస్తుంది. తమ్ముడు తనంతట తను మానేదాకా ఇదే ఉండనీ' అన్నారు. చిన్నప్పుడు బెంచీ ఎక్కించిన మనిషాయె, ఇంకేమంటాను?"

"అట్టాగాండి" అన్నాను.

తెనాలి బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. బయట చీకటి పడుతోంది. కళ్ళు మూసుకుంటే ఆమె మిషను ముందు కూర్చున్నట్టే ఉంది. విండోస్‌ని తెరంతా నింపుకోవచ్చు. ఆమె ఎప్పుడూ అట్టా చేయలేదు. పోస్టుకార్డంత చేసి మధ్యలో పెట్టుకునేవారు. అందులో రొయ్యల ధరలు ఒక్కో వరుసా మెల్లగా వస్తుంటే, ముందుకు వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని చదువుకునేవారు. దాని చుట్టూ, నాలుగు వైపులా, నేను వదిలి లేచింది వదిలినట్టే, నా తెలుగు అక్షరాలు కనబడుతుండేవి.