కుడికాలు ముందు

1979 శ్రావణంలో, వాన వెలిసిన మధ్యాహ్నం, ఎమ్మిగనూరు సంతవీధి బురదలో నా కుడిపాదం దిగబడింది. నెత్తిన నూలుమూట. వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగాను. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలిలో టక్కుమంది. దీపాలు పెట్టే వేళకు కాలు వాచిపోయింది.

“సిప్ప జారినాది,” అంది మా అత్త. మా వీధిలో మోకాలికి ఏం జరిగినా ఆ ఒక్క మాటే. కట్లు కట్టే ఆయన వచ్చి చిప్పను అదిమి, గుడ్డ బిగించి, కాలు కదపొద్దని చెప్పిపోయాడు. కట్టు విప్పేసరికి వాపు తీసింది, తొడ చిక్కిపోయింది. వీధి చివరి వరకు బాగానే నడిచాను. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగబోతే మాత్రం మోకాలు లోపలే జారి, కూలబడ్డాను. మర్నాడూ అంతే.

“ఇంగ నీకు మగ్గం సాలు. రాట్నం కాడ కూసో,” అంది అత్త.

రాట్నం తక్కువ పనేమీ కాదు. కాని నా పని నేత. పెళ్లికి ముందు నుంచీ నేస్తున్నాను. ఒక్కదాన్నే బస్సెక్కి ఆదోని పెద్దాసుపత్రికి పోయాను.

“చిప్ప జారింది సార్. మగ్గంలోకి దిగలేకున్నా,” అన్నాను.

“చిప్ప దాని చోటే ఉందమ్మా. పాపం, దాన్నెందుకు అంటారు?” అన్నాడు డాక్టరు. మోకాలు వంచి, పిక్కను రెండు చేతులా పట్టుకుని ముందుకు లాగాడు. కాలి ఎముక సొరుగులా జరిగింది. ఎడమకాలు కూడా లాగి చూడమన్నాను. అది జరగలేదు. అప్పుడు నమ్మాను.

తొడ ఎముక కింది కొస గుండ్రం, కాలి ఎముక పైభాగం చదును, మధ్యన రెండు మెత్తని దిండ్లు అని చెప్పాడు. గుండ్రాన్ని చదును మీద నిలబెట్టేది ఎముకలు కాదు, గట్టి పట్టీలు. పక్కలకు రెండు, లోపల ఒకదాన్నొకటి అడ్డంగా దాటేవి రెండు. వేలి మీద వేలు మెలేసి చూపించాడు. ఆ లోపలి వాటిలో ముందుది తెగింది.

“అతుక్కుంటుందా?”

“దానంతటది అతుక్కోదు. ఆ ఆపరేషన్ ఇక్కడ చెయ్యరు. తొడ కండలు ముందువీ వెనకవీ గట్టి చేసుకో. సగం పని అవే చేస్తాయి.”

“ఏ సగం సార్?”

ఆయన నవ్వాడు. “నడవడం, తొక్కడం. కాలు ఊని మెలి తిరగడం మాత్రం వద్దు.”

ఇంటికొచ్చి మడమకు ఇసుకమూట కట్టుకుని పొద్దునా సాయంత్రం కాలెత్తాను. “మోకాలు బాగు సేసుకోమంటే ఇసుక మోస్తాంది,” అని అత్త పక్కింటావిడతో అనేది. తొడ మళ్లీ గట్టిపడే దాకా మానలేదు. ఆ తర్వాత గుంట అంచున నిలబడి, నేను దిగే తీరునే ఆలోచించాను. మా ఇళ్లలో మగ్గంలోకి కుడికాలు ముందు పెట్టాలి. కుడిపాదం అడుగున ఊని, దాని మీదే ఒళ్లు తిప్పి కూర్చుంటాం. ఆ మెలికే నన్ను పడేస్తోంది. కూర్చున్నాక కాళ్లతో తొక్కే చెక్కల తప్పేం లేదు.

“ఎడమకాలు ముందు పెడితే?” అన్నాను.

“నీ కాలు బాగయితాది, నా మగ్గం సెడతాది,” అంది అత్త.

అంచుకు చాప జరిపి, మగ్గం వైపు తిరిగి కూర్చున్నాను. మగ్గాన్ని తాకి కళ్లకద్దుకుని, రెండు కాళ్లూ కలిపి దించాను.

“ఏందే అది?”

“ఏదీ ముందు పెట్టలే అత్తా. రెండూ ఒగేసారి.”

అత్త వంగి నా పాదాల వైపు చూసింది. “మొక్కినావా?”

“మొక్కినా.”

“అట్లయితే నెయ్యి మల్ల. సూస్తావేమి?”

కుడి చెక్క తొక్కాను. మోకాలు నిలబడింది.

కొన్నేళ్లకు అత్తకే మోకాళ్ల నొప్పులు ముదిరాయి. ఒకరోజు ఆమె కూడా చాప మీద కూర్చుని రెండు కాళ్లూ కలిపి దించింది. నేను తెగిన పోగు ముడేస్తూ, చూడనట్టే ఉన్నాను.